వేగానికి కళ్లెం వేసుకున్న కుర్రకారు



ఈ రోజు మీతో ముచ్చటించబోయే విషయం కొంచెం దూరదేశానిది, కొంచెం పాతకాలానిది. అమెరికాలో 1930 నుంచి 1960 దాకా, పాత కార్లను విప్పి, మళ్లీ బిగించి, కొత్త కార్లకంటే వేగంగా పరుగెత్తించిన కుర్రవాళ్ల కథ ఇది. ఆ కార్లకు హాట్ రాడ్ అని పేరు. ఆ కుర్రవాళ్లు పెట్టుకున్న సంఘాలే హాట్ రాడ్ క్లబ్బులు.

ఆ కథ మనకెందుకు అంటారేమో. సాయంత్రం పూట మీ వీధిలో సైలెన్సర్ పీకేసిన మోటారు సైకిల్ ఒకటి చెవులు చిల్లులు పడేలా దూసుకుపోతుంది. ఆ చప్పుడు వినగానే ఏదో ఒక ఇంట్లో ఒక తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. ఆ తల్లి కోసం, ఆ బండి మీద ఉన్న పిల్లవాడి కోసం కూడా ఈ కథ చెప్పుకుందాం.

ముందుగా ఈ కార్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఫోర్డ్ కంపెనీ 1908లో మోడల్ టి అనే కారు తెచ్చింది. 1927 దాకా అలాంటివి కోటిన్నర తయారయ్యాయి. దాని తరువాత మోడల్ ఏ వచ్చింది. ఇన్ని లక్షల కార్లు తయారయ్యాక, కొన్నేళ్లకు అవన్నీ పాతబడి గుజిరీ అంగళ్లకు చేరాయి. 1929లో అమెరికాను ఆర్థిక మాంద్యం పట్టుకుంది. కొత్త కారు కొనే స్తోమత చాలామందికి లేదు. కాని పాత కారు మాత్రం కొద్ది డాలర్లకే దొరికేది. హైస్కూలు పిల్లవాడు పేపర్లు వేసి, పెట్రోలు బంకులో పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఒక తుక్కు బండిని ఇంటికి తోలుకు రాగలిగేవాడు.

1932లో ఫోర్డ్ కంపెనీయే మరో పని చేసింది. ఎనిమిది సిలిండర్ల ఇంజనును, వి-8 అంటారు దాన్ని, సామాన్యులు కొనగలిగే కారులో పెట్టింది. అంతకు ముందు అలాంటి ఇంజను ఎక్కువగా ధనవంతుల కార్లలోనే ఉండేది. దాని శక్తి 65 అశ్వశక్తి. ఈ రోజుల్లో మన చిన్న కార్లకే అంత శక్తి ఉంటోంది. ఆ కాలానికి మాత్రం అది చాలా గొప్ప. ఆ ఇంజన్లు కూడా కొన్నాళ్లకు తుక్కులోకి వచ్చాయి. తేలికైన పాత బండికి ఈ బలమైన ఇంజను తగిలిస్తే ఎలా ఉంటుంది? ఈ ఒక్క ఆలోచన నుంచే హాట్ రాడ్ పుట్టిందనుకోవచ్చు.

వాళ్లు చేసిన పని రెండు రకాలు. మొదటిది బరువు తగ్గించడం. మడ్‌గార్డులు తీసేసేవారు, టాపు తీసేసేవారు, బంపర్లు విప్పేసేవారు. పరుగుకు పనికిరాని ప్రతి రేకునూ ఇంట్లో వదిలి వెళ్లేవారు. రెండవది ఇంజను శక్తి పెంచడం. ఇది అర్థం కావడానికి మన వంటింటి కట్టెల పొయ్యిని గుర్తు చేసుకోండి. గొట్టం పెట్టి ఊదితే మంట ఎందుకు లేస్తుంది? గాలి బాగా తగులుతుంది గనుక. ఇంజను కూడా ఒక రకమైన పొయ్యే. ఒక కార్బొరేటర్ ఉన్న చోట రెండో మూడో పెడితే గాలీ పెట్రోలూ ఎక్కువగా లోపలికి పోతాయి. వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టును వేరే రూపంలో అరగదీస్తే అవి ఎక్కువసేపు తెరుచుకుని ఉంటాయి. సిలిండర్ హెడ్డును కొంచెం చెక్కితే లోపలి గాలి మరింత గట్టిగా నొక్కుకుని, మంట బలంగా అంటుకుంటుంది. పొగ గొట్టాలు మార్చి కాలిన వాయువు త్వరగా బయటకు పోయేలా చేస్తారు. పెద్ద కంపెనీలు చేసి ఇవ్వని ఈ సామాను కుర్రవాళ్లే తయారు చేసుకున్నారు. అలా పని మొదలుపెట్టిన విక్ ఎడెల్‌బ్రాక్, ఎడ్ ఇస్కెండేరియన్ వంటివారి పేర్లు తరువాత పెద్ద వ్యాపార సంస్థల పేర్లయ్యాయి.

బండి సిద్ధం. మరి దాని వేగం తేల్చుకునేది ఎక్కడ? కాలిఫోర్నియా దక్షిణ భాగంలో, లాస్ ఏంజెలెస్ నగరానికి ఉత్తరాన కొండలు దాటితే మొహావీ ఎడారి వస్తుంది. అక్కడ ఎండిపోయిన పెద్ద పెద్ద చెరువులు ఉన్నాయి. వానాకాలంలో కాసిని నీళ్లు చేరతాయి. ఎండాకాలం వచ్చేసరికి అడుగున ఉన్న బంకమన్ను గట్టిపడి, అలికిన అరుగులా మైళ్ల తరబడి చదునుగా తయారవుతుంది. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనేవి అలాంటి చెరువులు. కుర్రవాళ్లు శనివారం రాత్రే బయలుదేరి అక్కడికి చేరి, చలిలో బండ్ల పక్కనే పడుకుని, తెల్లవారగానే పరుగులు మొదలుపెట్టేవారు.

మొదట్లో అక్కడ ఒక పద్ధతంటూ లేదు. నాలుగైదు బండ్లు పక్కపక్కన పరుగెత్తేవి. ముందు పోయే బండి రేపిన దుమ్ములో వెనక వాడికి ఏమీ కనిపించేది కాదు. ప్రమాదాలు జరిగాయి. ఇలాగే సాగితే ఆటా మిగలదు, ఆటగాళ్లూ మిగలరని వాళ్లకే తోచింది. 1937లో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అనే సంఘాన్ని పెట్టుకున్నాయి. పెద్దవాళ్లు పెట్టించినది కాదు, ప్రభుత్వం ఆదేశించినది కాదు. ఇరవై ఏళ్ల వాళ్లు తమంతట తాము కూర్చుని పెట్టుకున్న సంఘం అది.

ఈ సంఘం చేసిన మంచి పని ఏమిటంటే, పరుగుకు ముందు బండిని తనిఖీ చేయడం మొదలుపెట్టింది. క్రమంగా గుంపు పరుగులు పోయి, ఒక్కొక్క బండీ విడిగా పరుగెత్తి గడియారంతో పోటీ పడే పద్ధతి స్థిరపడింది. నేలమీద కొలిచిన దూరాన్ని బండి ఎంతసేపట్లో దాటిందో యంత్రం చెబుతుంది. దానిమీద వేగం లెక్క కడతారు. దాన్ని బట్టి పాయింట్లు. ఏడాది చివర ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే, మరుసటి ఏడాది వాళ్ల బండి మీద ఒకటో నంబరు. ఇక్కడ ఒక కిటుకు ఉంది, గమనించండి. ఏదో ఒక క్లబ్బులో సభ్యుడు కానివాడికి అక్కడ పరుగెత్తే అవకాశం లేదు. అంటే, వేగం కావాలంటే ముందు నలుగురితో కలిసి ఉండడం నేర్చుకోవాలి.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. మ్యూరాక్ చెరువును సైన్యం పూర్తిగా తీసుకుంది. ఇప్పుడది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో భాగం. కుర్రవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోయారు. ఆ రోజుల్లో వీడా ఆర్ అనే మహిళ ఒక చిన్న వార్తా పత్రిక నడిపి, యుద్ధభూమిలో ఉన్న క్లబ్బు సభ్యులకు పంపుతూ వచ్చింది. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు క్షేమంగా ఉన్నారు అనే కబుర్లు అందులో ఉండేవి. ఆమె వట్టి పత్రిక నడిపే మనిషి కాదు. ఆ మగవాళ్ల సంఘంలో సభ్యత్వం సంపాదించిన తొలి మహిళ ఆమె. ఎడారి చెరువుల మీద తానే కారు నడిపింది.

1945లో యుద్ధం ముగిసింది. తిరిగి వచ్చిన కుర్రవాళ్లు విమానాల ఇంజన్లు విప్పడం, వెల్డింగు చేయడం నేర్చుకుని వచ్చారు. యుద్ధంలో మిగిలిపోయిన సామాను బజారులో చవకగా దొరికింది. బిల్ బర్క్ అనే అతను విమానం కింద తగిలించే పెట్రోలు తొట్టిని చూసి, దాని ఆకారం గాలిని చీల్చుకుపోవడానికి తగినదని గ్రహించాడు. ఆ తొట్టిలోనే ఇంజను బిగించి, తానూ అందులో కూర్చుని, 1946లో ఎడారిలో పరుగెత్తాడు. 1948లో స్టూ హిల్‌బార్న్ బండి ఆ చెరువుల మీద గంటకు 150 మైళ్లు దాటింది. అంటే గంటకు 240 కిలోమీటర్ల పైమాట. 1949 నుంచి యూటా రాష్ట్రంలో బానెవిల్ అనే ఉప్పు మైదానంలో కూడా ఈ పరుగులు మొదలయ్యాయి.

ఇక్కడిదాకా విన్నాక ఇదంతా బంగారు కథలా ఉందే అనిపిస్తుంది. కాని ఎడారికి వెళ్లేవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు ఊళ్లోనే, రాత్రి పూట, రోడ్ల మీదే పందేలు వేశారు. జనం చచ్చిపోయారు. చచ్చిన వాళ్లలో పందెంతో సంబంధం లేనివాళ్లూ ఉన్నారు. పత్రికలు హాట్ రాడ్ అన్న మాటను రౌడీ అన్న మాటతో సమానం చేశాయి. ఎక్కడ ఏ పాత కారు గుద్దుకున్నా హాట్ రాడ్ అనేవారు. ఈ బండ్లను నిషేధించాలన్న మాట గట్టిగా వినిపించింది.

మంచి క్లబ్బుల వాళ్లు ఏం చెయ్యాలి? పత్రికలను తిట్టుకుంటూ కూర్చోవచ్చు. పోలీసులతో దాగుడుమూతలు ఆడవచ్చు. వాళ్లు ఆ రెండూ కాక మూడో దారి పట్టారు. 1948 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఒక ప్రదర్శన పెట్టి, మా పనితనం వచ్చి చూడండి అని ఊరి జనాన్ని పిలిచారు. ఆ ప్రదర్శన దగ్గరే రాబర్ట్ పీటర్సన్ అనే ఇరవై ఒక్కేళ్ల యువకుడు హాట్ రాడ్ పేరుతో ఒక కొత్త పత్రికను ఇరవై ఐదు సెంట్లకు అమ్మాడు. ఆ పత్రికకు సంపాదకుడిగా వచ్చిన వాలీ పార్క్స్ ఎడారి పరుగుల తొలినాళ్ల నుంచీ ఉన్నవాడు. అతను 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టాడు. వీధి పందెం మానండి, మీకు పరుగెత్తడానికి చోటు మేం చూపిస్తాం అన్నది ఆ సంఘం మాట.

చోటు చూపడమే అసలు సంగతి. యుద్ధకాలంలో కట్టి వదిలేసిన విమానాల రన్‌వేలు దేశమంతా ఉన్నాయి. 1950లో సాంటా ఆనా అనే చోట విమానాశ్రయంలోని ఒక రన్‌వే మీద ఆదివారం పందేలు మొదలయ్యాయి. దూరం పావు మైలు, అంటే సుమారు 400 మీటర్లు. రెండు బండ్లు, నిలిచిన చోటి నుంచి బయలుదేరాలి. అంతే ఆట. పోమోనా అనే ఊళ్లో ఒక క్లబ్బు కుర్రవాళ్లకు పోలీసులే తోడు నిలిచి, తిరునాళ్ల మైదానంలో కార్లు నిలిపే జాగాను పందెపు బాటగా మార్చారు. 1953లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ తన మొదటి అధికారిక పోటీని అక్కడే జరిపింది. అక్కడ పనిచేసిన బడ్ కూన్స్ అనే పోలీసు సార్జెంటు, 1954లో మరి ముగ్గురితో కలిసి, ఒక కారుకు సామాను ట్రాలీ తగిలించుకుని దేశమంతా తిరిగాడు. ప్రమాదం లేకుండా పందెం ఎలా నడపాలో ఊరూరా చూపించడమే వాళ్ల పని. 1955లో లాస్ ఏంజెలెస్ రేవు దగ్గర లయన్స్ క్లబ్బు వాళ్లు ముందుకొచ్చి మరో బాటకు చోటు కల్పించారు. వెంట పడి తరిమిన పోలీసే పక్కన నిలబడి జెండా ఊపే రోజు వచ్చిందన్నమాట.

ఇక క్లబ్బు లోపలి సంగతులు. వారానికో పక్షానికో ఒక సమావేశం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉండేవారు. నెల చందా ఉండేది. నియమావళి రాసుకునేవారు. అందరికీ ఒకే రకం కోటు, వీపు మీద క్లబ్బు పేరు. వాటన్నిటికంటే విలువైనది అల్యూమినియంతో పోత పోసిన ఒక బిళ్ల. మన వైపు పాతకాలంలో బంట్రోతులు ధరించిన డవాలీ బిళ్ల గుర్తుందా? అలాంటిదే, కాస్త పెద్దది. దాని మీద క్లబ్బు పేరు, ఊరి పేరు ఉంటాయి. దాన్ని కారు వెనక, బంపరు దగ్గర వేలాడదీసుకునేవారు. అది డబ్బిచ్చి కొనుక్కునేది కాదు. క్లబ్బు ఇస్తేనే వస్తుంది, క్లబ్బు అడిగితే తిరిగి ఇచ్చేయాలి.

ఈ బిళ్లలోనే ఉంది కిటుకంతా. పోలీసు జరిమానా వేస్తే కుర్రవాడు కట్టేసి నవ్వుతాడు. తోటివాళ్ల ముందు నిలబడి, నీవల్ల మా అందరి పేరూ పోయిందిరా అనిపించుకోవడం, బంపరు నుంచి బిళ్ల విప్పి బల్ల మీద పెట్టడం, అది మాత్రం భరించలేడు. రోడ్డు మీద నిర్లక్ష్యంగా నడిపి చలానా తెచ్చుకున్నవాడికి చాలా క్లబ్బులు తామే వేరుగా జరిమానా వేసేవి, కొన్నాళ్లు బండి తీయవద్దనేవి. మరో మంచి ఆచారం కూడా ఉండేది. దారిలో ఎవరి కారైనా ఆగిపోతే క్లబ్బు సభ్యుడు ఆగి బాగు చేయాలి. డబ్బు పుచ్చుకోకూడదు. వెళ్తూ వెళ్తూ, మీకు సాయం చేసినది ఫలానా క్లబ్బు సభ్యుడు అని అచ్చువేసిన చిన్న కార్డు చేతిలో పెట్టాలి. హాట్ రాడ్ వాళ్లంటే రౌడీలు అనుకున్న గృహస్థుకు అంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

ప్రాణరక్షణ విషయంలోనూ వాళ్లు ముందే మేలుకున్నారు. ఎడారి పరుగుల్లో నడుముకు బెల్టు కట్టుకోవాలన్న నియమం పెట్టుకున్నారు. యుద్ధంలో మిగిలిన విమానాల బెల్టులే అందుకు పనికొచ్చాయి. అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ బెల్టు ఉండాలని ప్రభుత్వ నిబంధన 1968లో గాని రాలేదు. దుడుకువాళ్లని పేరుపడిన పిల్లలు చట్టంకంటే ముందే తమను తాము కట్టేసుకున్నారు.

సరిహద్దు జిల్లాల్లో ఉంటున్న మనం ప్రత్యేకంగా వినవలసిన క్లబ్బు ఒకటి ఉంది. శాన్ డియేగో అనే ఊరు అమెరికాకూ మెక్సికోకూ సరిహద్దు. అక్కడ మెక్సికో మూలాలున్న కుటుంబాల పిల్లలు తరతరాలుగా రెండు భాషల మధ్య పెరుగుతున్నారు. వాళ్ల చిక్కుడు గింజల వంటకాన్ని పట్టుకుని వెక్కిరించే మాట ఒకటి ఇంగ్లీషులో ఉంది. మనకిది తెలియనిది కాదు. మన భాష పేరును తిరగేసి పలికి నవ్వే మాట పొరుగు రాష్ట్రాల బడుల్లో మన పిల్లలు కొందరైనా విని ఉంటారు. హోకిన్ ఆర్నెట్ అనే యువకుడి చుట్టూ చేరిన మిత్రులు ఆ వెక్కిరింతనే తీసుకుని తమ క్లబ్బుకు బీన్ బ్యాండిట్స్ అని పేరు పెట్టుకున్నారు. చిక్కుడు గింజల దొంగలని అర్థం. ఆ క్లబ్బులో వేరే జాతుల పిల్లలకూ చోటిచ్చారు. 1950 దశకం మొదట్లో వాళ్ల బండి కాలిఫోర్నియా పందేలలో ఎందరినో ఓడించింది. ఎగతాళి మాటకు జవాబు కొట్లాటలో కాక పనితనంలో చూపించారు.

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. అందుకే లోపాలూ చెప్పుకోవాలి. క్లబ్బులు వచ్చినంత మాత్రాన వీధి పందేలు ఆగిపోలేదు. పేరుకు క్లబ్బు, పనికి అల్లరి గుంపు అన్నట్టున్నవీ ఉన్నాయి. పందెపు బాటల మీద కూడా ప్రాణాలు పోయాయి. వీడా ఆర్ వంటి ఒకరిద్దరు తప్ప ఆడవాళ్లకు స్టీరింగు అందలేదు. అయినా, రోడ్డు మీద అందరి ప్రాణాలకూ ముప్పుగా ఉన్నదాన్ని తీసుకెళ్లి, ఒక హద్దు లోపల, ఒక పద్ధతిలో పెట్టగలిగారు. ఆ మేరకు అది చిన్న పని కాదు.

ఆ కాలం 1960లలో మెల్లగా ముగిసింది. 1955లో షెవ్రొలే కంపెనీ తేలికైన, బలమైన వి-8 ఇంజను తెచ్చింది. 1964లో పాంటియాక్ జి.టి.ఓ. వంటి కార్లు వచ్చాయి. కష్టపడి తయారు చేసుకోవలసిన వేగం వాయిదాల మీద దుకాణంలో దొరకసాగింది. షెడ్డులో పదిమంది కూడి చేసే పని తగ్గేసరికి క్లబ్బు అవసరమూ తగ్గింది. జార్జ్ లూకాస్ అనే దర్శకుడు 1973లో అమెరికన్ గ్రాఫిటీ అనే చిత్రంలో 1962 నాటి చిన్న ఊరిని, ఆ కార్లను, ఆ రాత్రులను మళ్లీ చూపించాడు. పోమోనాలో వాలీ పార్క్స్ పేరున్న ప్రదర్శనశాల ఒకటి ఉంది, అది 1998లో వెలిసింది. నాటి అల్యూమినియం బిళ్లలను ఇప్పుడు ప్రేమగా సేకరించి దాచుకునేవారు ఉన్నారు. ఎల్ మిరాజ్ మీద పరుగులు నేటికీ ఆ పాత సంఘం ఆధ్వర్యంలోనే సాగుతున్నాయి.

చివరిగా మన సంగతి. మన దేశంలో బండి ఆకారాన్నీ ఇంజనునూ ఇష్టం వచ్చినట్టు మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేయడం శిక్షార్హమైన నేరం. గేర్ల బండి నడపాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. కాబట్టి ఆ కుర్రవాళ్ల బండిని మనం తెచ్చుకోనక్కరలేదు. వాళ్ల బిళ్లను మాత్రం తెచ్చుకోవచ్చు.

బడిలో పాఠం చెప్పేవాణ్ణి గనుక ఒక మాట చెప్తాను. లెక్కల్లో తలవంచుకునే పిల్లవాడు స్కూటర్ కార్బొరేటర్ ముందు తల ఎత్తి కూర్చోవడం ఎన్నోసార్లు చూశాను. వాడి చేతిలో స్పానర్ ఉన్నప్పుడు వాడు అల్లరివాడు కాడు. ఊళ్లో మంచి మెకానిక్ ఒకాయన, ఆదివారం ఖాళీగా ఉండే ఒక షెడ్డు, పని నేర్పే ఒక పాత ఇంజను, నలుగురు కలిసి రాసుకున్న పది నియమాలు. ఇంతకంటే పెద్ద పెట్టుబడి అక్కరలేదు. హెల్మెట్ లేకుండా బయలుదేరిన తోటివాడిని వాళ్లే ఆపుతారు, ఆగిపోయిన పాలబండిని వాళ్లే బాగు చేసి పంపుతారు. ఆ పిల్లలకు ఒక పేరు ఇవ్వండి, ఆ పేరు పోతుందనే భయమూ వాళ్లకే వదిలిపెట్టండి.

నాన్నగార్లూ, మీ అబ్బాయి బండి శబ్దం మీకు నచ్చకపోవచ్చు. ఈ రాత్రికి తిట్టే ముందు ఒక్కసారి, ఆ ఇంజను లోపల ఏముందిరా, నాకూ చూపించు అని అడగండి. తమ్ముళ్లూ, మీరు అడిగించుకునేలా ఉండండి.

సెలవు.